యూటర్న్ దగ్గర సైకిలు

తెల్లవారుజామున నాలుగున్నరకి హైదరాబాదులో ఏ మెట్రో స్తంభం కింద నిలబడ్డా పేపరు కట్టలు విప్పుతున్నవాళ్లు కొందరు కనిపిస్తారు. సప్లిమెంటు లోపల దూర్చి, మడిచి, కొంత క్యారియరు మీద, కొంత హ్యాండిలుకు వేలాడే సంచిలో సర్దుకుని ఒక్కొక్కరే చీకట్లోకి జారుకుంటారు. వాళ్లలో సైకిలు మీద పోయేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇంకో గంటకి పాల ప్యాకెట్ల సైకిళ్లు వస్తాయి. తర్వాత రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మన్లు, డబ్బా కట్టుకుని పనికెళ్లే పెయింటర్లు, తాపీ పనివాళ్లు. ఎనిమిదిన్నర దాటేసరికి ఈ సైకిళ్లన్నీ ఏ సందుల్లోకి పోతాయో తెలియదు, రోడ్డు మాత్రం కార్ల సొంతం అయిపోతుంది. ఈ పేజీ మీ గుమ్మం ముందుకు వచ్చింది బహుశా అలాంటి సైకిలు మీదే.

నేను రోజూ దాటే ఒక యూటర్న్ ఉంది. ఒకప్పుడు అక్కడ చౌరస్తా ఉండేది, సిగ్నల్ ఉండేది. ట్రాఫిక్ ఆగకుండా పోవాలని చౌరస్తా మూసేసి, రెండువైపులా కాస్త దూరంలో డివైడర్‌కు గండి కొట్టారు. ఈ నగరంలో చాలా కూడళ్లకు ఇదే వైద్యం జరిగింది. కారులో ఉన్నవాడికి బాగానే ఉంటుంది, స్టీరింగ్ ఒకసారి తిప్పితే సరిపోతుంది. సైకిలు మీదున్న వాచ్‌మన్ సంగతి చూడండి. అతను రోడ్డు ఎడమ అంచున ఉన్నాడు. యూటర్న్ కుడిచేతి వైపు, డివైడర్ పక్కన ఉంది. అక్కడికి చేరాలంటే మూడు వరసల వాహనాలను కోసుకుంటూ పోవాలి. తిరిగాక మళ్లీ అవే మూడు వరసలు దాటి ఎడమ అంచుకు రావాలి. అతని వేగం గంటకు పన్నెండు కిలోమీటర్లు, వెనక వచ్చే కారుది అరవై. యాభై మీటర్ల వెనకున్న కారు అతని దగ్గరికి రావడానికి నాలుగు సెకన్లు కూడా పట్టదు. మెడ తిప్పి చూసి, చెయ్యి చాపి, పక్కకు జరగడానికి అతనికున్న వ్యవధి అంతే.

అందుకే అతను యూటర్న్ దాకా వెళ్లడు. రాంగ్ రూట్‌లో, కాలిబాట అంచును ఒరుసుకుంటూ ఎదురు వస్తాడు. ఏడువందల మీటర్లు వెళ్లి మళ్లీ ఏడువందలు వెనక్కి రావడమంటే కారుకు రెండు నిమిషాలు, అతనికి ఏడు నిమిషాల తొక్కుడు, పైగా ప్రాణాపాయం. మనం కారు అద్దంలోంచి చూసి ‘వీళ్లకి రూల్సు తెలియవు’ అంటాం. తెలియక కాదు. ఆ రూలు రాసినప్పుడు అతను అక్కడ ఉన్నాడన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

సైకిలు భద్రత గురించి మాట్లాడబోతే అధికారుల నుంచి, కొన్నిసార్లు మిత్రుల నుంచి కూడా, ముందు వచ్చే మాట ఒకటుంది. చనిపోయేవాళ్లలో సైకిలువాళ్లు ఎంతమందని? కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో సుమారు 44 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్లేవారు. నడిచివెళ్లేవారు 32,825 మంది. సైకిలు తొక్కేవాళ్ల వాటా మూడు శాతానికి లోపే. కాబట్టి మొదట హెల్మెట్ లేని బైకుల సంగతి చూద్దాం, తర్వాత పాదచారుల సంగతి, సైకిలు వంతు ఎప్పుడో వస్తుందిలే అన్నది ఆ మాటలోని అర్థం.

జనం దిగడం మానేసిన చెరువులో మునిగి చనిపోయేవాళ్లు ఉండరు. అంతమాత్రాన ఆ చెరువుకు లోతు తగ్గిందని ఎవరూ అనరు. రోడ్డు లెక్కల్లో మాత్రం మనం అలాగే అంటున్నాం. ఇంగ్లండులో మేయర్ హిల్‌మన్ అనే పరిశోధకుడు తన సహచరులతో కలిసి 1990లో ఈ తిరకాసును బయటపెట్టాడు. వాహనాలు విపరీతంగా పెరిగినా రోడ్ల మీద పిల్లల మరణాలు తగ్గుతున్నాయని అక్కడి ప్రభుత్వం సంబరపడుతున్న రోజులవి. ఆయన బడుల్లోకి వెళ్లి, పిల్లలు ఎలా వస్తున్నారో అడిగాడు. 1971లో ఏడెనిమిదేళ్ల పిల్లల్లో 80 శాతం మంది తమంతట తామే బడికి వచ్చేవాళ్లు. 1990 నాటికి అలా వచ్చేవాళ్లు 9 శాతం. రోడ్డు భద్రంగా మారి మరణాలు తగ్గలేదు, పిల్లల్ని రోడ్డు మీది నుంచి ఎత్తి ఇంట్లో కూర్చోబెట్టబట్టి తగ్గాయి. మన కాలనీల్లో ఆరో తరగతి పిల్లవాడు సైకిలు మీద బడికెళ్లి ఎన్నేళ్లయిందో గుర్తు చేసుకుంటే ఇంకో పరిశోధన అవసరం లేదు. నలభై దాటినవాళ్లలో చాలామంది అద్దె సైకిలు మీద కైంచీ తొక్కుడు నేర్చినవాళ్లే.  మోకాళ్లు పగిలింది గోతుల్లో, కంకర మీద పడి. వాళ్ల పిల్లలు సైకిలు నేర్చుకునేది అపార్టుమెంటు సెల్లారులో, నిలిపి ఉంచిన కార్ల మధ్య.

అయినా సైకిలు పూర్తిగా పోలేదు. 2011 జనాభా లెక్కల్లో, వ్యవసాయం కాని పనులు చేసే సుమారు 20 కోట్ల మందిని పనికి ఎలా వెళ్తారని అడిగారు. 13 శాతం మంది సైకిలు మీద అన్నారు. మోటారు సైకిళ్ల మీద వెళ్లేవారూ దాదాపు అంతేమంది. కారులో వెళ్లేవారు మూడు శాతం కూడా లేరు. ఆ లెక్కలు పాతబడ్డాయి, బైకులు ఆ తర్వాత చాలా పెరిగాయి, నిజమే. కానీ ఆ 2011 లోనే మన ఇంజినీర్లు ఎవరి కోసం రోడ్లు గీస్తున్నారో చూస్తే, ఆ మూడు శాతం కోసమేనని తెలుస్తుంది. మనుషులను కదిలించాలి, వాహనాలను కాదని జాతీయ పట్టణ రవాణా విధానం 2006లోనే చెప్పింది. సైకిలు బాటల రూపకల్పనకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పుస్తకం ఉంది. 1962లో వచ్చింది, 2015లో సవరించారు. వెడల్పు ఎంత ఉండాలి, మలుపులో ఏం చేయాలి, ఎక్కడ ఏ గుర్తు పెట్టాలి, అన్నీ అందులో ఉన్నాయి. కాగితం మీద మనకు లోటు లేదు.

హైదరాబాదు సైకిలుకు ఏమీ చేయలేదంటే అన్యాయం. 2023 అక్టోబరు 1న ఔటర్ రింగ్ రోడ్డు వెంట ఒక అద్భుతమైన బాట ప్రారంభమైంది. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ దాకా ఎనిమిదిన్నర, నార్సింగి నుంచి కొల్లూరు దాకా పద్నాలుగున్నర, మొత్తం 23 కిలోమీటర్లు. నాలుగున్నర మీటర్ల వెడల్పు, మూడు వరసలు, నెత్తిన సౌరఫలకాల పందిరి, దాని మీద 16 మెగావాట్ల విద్యుత్తు. దక్షిణ కొరియాలో డేజన్, సెజాంగ్ నగరాల మధ్య హైవే నడుమ వేసిన సౌర సైకిలు మార్గమే దీనికి స్ఫూర్తి. ఎండలో నీడ, వానలో గొడుగు, రాత్రి దీపాలు. ఆదివారం ఉదయం అక్కడికి వెళ్తే కళ్లు చెమరుస్తాయి, ఇంతమంది సైకిలు తొక్కేవాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నారా అని.

బయటికి వచ్చి పార్కింగు చూడండి. కార్ల వెనక సైకిలు కట్టుకునే చట్రాలు. డిక్కీలోంచి ముందు చక్రం తీస్తున్న ఒక నాన్న, దాన్ని బిగిస్తున్న కూతురు. ఆ బాట దాకా సైకిలు తొక్కుకుంటూ రావడానికి ధైర్యం చాలనివాళ్లు కారెక్కించి తీసుకొస్తున్నారు. వాళ్లను తప్పుపట్టలేం. ఆ 23 కిలోమీటర్లు భద్రం, దాని గేటు నుంచి మన ఇంటి గేటు దాకా ఉన్న నాలుగు కిలోమీటర్లు కాదు. ఈతకొలనులా, టెన్నిస్ కోర్టులా సైకిలుకూ ఒక ఆటస్థలం కట్టాం. సైకిలు ఆరోగ్యం కోసమే అన్న భావన ఎంత బలంగా ఉందంటే, ఆ బాటకు పెట్టిన పేరే ‘హెల్త్‌వే’. పొద్దున పేపరు వేసే కుర్రాడికి ఆరోగ్యం సమస్య కాదు. అతనికి కావాల్సిన దారి రెండు బస్తీల మధ్య, మెట్రో స్టేషనుకూ ఇంటికీ మధ్య, పని దొరికే అడ్డాకూ గదికీ మధ్య ఉంటుంది. ఔటర్ పక్కన ఉండదు.

పోనీ, ఊళ్లో ఉన్న బాటల సంగతి. రోడ్డు పక్కన రంగు పూసి, సైకిలు బొమ్మ గీసి, ప్లాస్టిక్ గుంజలు పాతిన బాటలను నేను వేర్వేరు చోట్ల చూశాను. వాటి జీవితం దాదాపు ఒక్కటే. మొదటి వారం ఫొటోలు. మొదటి నెలలో ఆటోలు. తర్వాత టిఫిన్ బండి, నిర్మాణపు ఇసుక, మరమ్మతుకు తవ్విన గుంత. ఏడాదికి గుంజల మొదళ్లు మాత్రం మిగిలి, రాత్రిపూట సైకిలు టైరుకు అవే తగులుతాయి. ఒకచోట బాట సరిగ్గా బస్టాపు దగ్గర ఆగిపోయి, బస్టాపు తర్వాత మళ్లీ మొదలైంది. నడుమ ఉన్న ముప్పై మీటర్లలో బస్సు ఎడమకు వంగి ఆగుతుంది, సైకిలు కుడికి వంగి దాటాలి. ప్రమాదం జరిగేది ఆ ముప్పై మీటర్లలోనే. గీత అవసరం ఉన్నది కూడా అక్కడే.

సైకిలుకు ప్రమాదం ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు జవాబులో చాలా భాగం వేగమే. 2022 మరణాల్లో 70 శాతానికి పైగా అతివేగం ఖాతాలోనే రాశారు. దీని వెనకున్న లెక్క బడి పుస్తకాల్లోదే. వేగం రెట్టింపైతే ఢీకొట్టే శక్తి నాలుగింతలు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్లే డ్రైవరు ఎదుట ఏదో చూసి, ఒక సెకనులో తేరుకుని బ్రేకు వేస్తే దాదాపు పదమూడు మీటర్లలో ఆగుతాడు. అదే మనిషి 50లో ఉంటే, ఆ పదమూడు మీటర్లు దాటేసరికి అతని కాలు ఇంకా బ్రేకు మీదికే రాదు. అందుకే 2020 ఫిబ్రవరిలో రోడ్డు భద్రతపై వచ్చిన స్టాక్‌హోం ప్రకటన, మనుషులూ వాహనాలూ కలగలిసి తిరిగేచోట 30కి మించి వేగం ఉండరాదంది. 2021 ఆరంభంలో బ్రసెల్స్, అదే ఏడాది ఆగస్టులో పారిస్ తమ వీధుల్లో చాలామటుకు ఆ పరిమితి పెట్టాయి. సగానికి పైగా వీధులకు 30 పరిమితి ఉన్న హెల్సింకిలో 2025 జులైకి ముందు ఏడాది కాలంలో రోడ్డు ప్రమాదంలో ఒక్కరూ చనిపోలేదు. మన దగ్గర 2018 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం పురపాలక పరిధిలో కారుకు గరిష్ఠ వేగం 70. రాష్ట్రాలూ నగరాలూ అంతకు తగ్గించుకోవచ్చు, తగ్గించుకున్నాయి కూడా. కానీ ఖాళీ రోడ్డు మీద రాత్రి పదకొండింటికి ఆ బోర్డును చదివేది ఎవరు? వేగాన్ని నిర్ణయించేది బోర్డు కాదు, రోడ్డు వెడల్పు. మూడు వరసల నున్నని తారు పరిచి, కూడలి తీసేసి, మలుపును విశాలంగా వంచి, పక్కన ‘నెమ్మదిగా వెళ్లండి’ అని రాస్తే డ్రైవరు కాలు రోడ్డు మాటే వింటుంది.

ఫ్రీ లెఫ్ట్ అనే మన సొంత వింత గురించి కూడా చెప్పాలి. సిగ్నల్ ఎర్రగా ఉన్నా ఎడమకు తిరిగేవాళ్లు ఆగనక్కర్లేదు. సైకిలువాడు నేరుగా వెళ్లాలనుకుంటాడు, నిబంధన ప్రకారం ఎడమ అంచున నిలబడతాడు. వెనక నుంచి హారన్ల వాన. ‘లెఫ్ట్ వదులు’ అంటారు. కుడికి జరిగితే నేరుగా వెళ్లే బస్సు ముందు ఉంటాడు. ఎడమనే ఉంటే అతన్ని ఒరుసుకుంటూ లారీ తిరుగుతుంది. లారీ ముందు చక్రం వెళ్లినచోట వెనక చక్రం వెళ్లదు, లోపలికి కోసుకుంటుంది. ఆ కోసుకునే జాగాలోనే సైకిలు ఉంటుంది. క్యాబిన్ ఎత్తులో కూర్చున్న డ్రైవరుకు అతను కనిపించడు. ఇలాంటి చోట సైకిలువాడు చనిపోతే మర్నాడు లోపలి పేజీలో రెండు వాక్యాలు వస్తాయి. లారీ డ్రైవరు నిర్లక్ష్యం అని ఉంటుంది. కూడలి గీసినవారి గురించి ఒక్క మాటా ఉండదు.

ఆశ్చర్యమేమిటంటే చట్టంలో ఆ మాట ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 198ఎ సెక్షన్ ప్రకారం, రోడ్డు రూపకల్పనలో, నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మరణమో వైకల్యమో కలిగితే సంబంధిత అధికారికి, కాంట్రాక్టరుకు, సలహాదారుకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. ఈ సెక్షన్ పేరు ఎన్నిసార్లు విన్నారో మీకే తెలుసు. అదే సవరణలో చేర్చిన 138(1ఎ), పాదచారులూ మోటారు లేని వాహనాలూ రోడ్డును ఎలా వాడుకోవాలో రాష్ట్రాలు నిబంధనలు చేసుకోవచ్చంటుంది. కోయంబత్తూరు ఎముకల వైద్యుడు ఎస్. రాజశేఖరన్ 2012లో వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2025 మేలో కాలిబాట మీద నడవడం జీవించే హక్కులో భాగమని చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో 138(1ఎ) కింద నిబంధనలు ఆరు నెలల్లో రాయమని రాష్ట్రాలను ఆదేశించింది. విరిగిన ఎముకలను అతికించి అతికించి, విరగకుండా చూసే పని కోర్టుకు అప్పగించిన వైద్యుడి ఓపికకు దండం పెట్టాలి. కాలిబాటకు దొరికిన ఈ హక్కు సైకిలు చక్రం దాకా ఇంకా రాలేదు.

ఇక గుద్ది పారిపోయిన కేసుల సంగతి. వాహనం ఎవరిదో తెలియకపోతే మృతుడి కుటుంబానికి 2022 ఏప్రిల్ 1 నుంచి రెండు లక్షలు, తీవ్రంగా గాయపడితే యాభై వేలు. అంతకుముందు మరణానికి పాతిక వేలే ఉండేది. పెరగడం మంచిదే. కానీ తెల్లవారుజామున, దీపాలు వెలగని రోడ్డు మీద, వెనక నుంచి తగిలిన బండి నంబరు చూసేది ఎవరు? సైకిలువాడికి జరిగే ప్రమాదం స్వభావమే అలాంటిది. సీసీ కెమెరాల్లో వెతకాలి, స్టేషను చుట్టూ తిరగాలి, దరఖాస్తు రాయించుకోవాలి. ఆ తిరుగుళ్లకు రోజు కూలీ పోతుంది.

ముల్లు వచ్చి అరిటాకు మీద పడ్డా, అరిటాకు వెళ్లి ముల్లు మీద పడ్డా చిరిగేది అరిటాకే అంటారు పెద్దలు. మన రోడ్డు భద్రతా వారోత్సవాలన్నీ ఈ సామెతను సగమే అర్థం చేసుకున్నాయి. అరిటాకుకే జాగ్రత్తలు చెబుతున్నాయి. హెల్మెట్ పెట్టుకో, మెరిసే చొక్కా వేసుకో, వెనక ఎర్రలైటు బిగించుకో, అంచున వెళ్లు. నేను హెల్మెట్ పెట్టుకుంటాను, మీరూ పెట్టుకోండి. గుంతలో పడి తల రోడ్డుకు కొట్టుకున్నప్పుడు అది పనికొస్తుంది. కానీ దాని పరిమితి తెలుసుకోవాలి. ఐరోపా ప్రమాణం ప్రకారం సైకిలు హెల్మెట్‌ను పరీక్షించేటప్పుడు గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగంతో ఇనుప దిమ్మె మీద పడేస్తారు. అంటే సైకిలు మీది నుంచి పడ్డ తలను కాచడానికే అది తయారైంది, అరవైలో వచ్చే కారును ఆపడానికి కాదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1990 జులైలో హెల్మెట్ తప్పనిసరి చేశాక, సైకిలు తొక్కే యువత బాగా తగ్గిపోయింది. నెదర్లాండ్స్‌లో మామూలు సైకిలుకు హెల్మెట్ పెట్టుకునేవాళ్లు చాలా తక్కువ. అయినా ప్రపంచంలో సైకిలు తొక్కడానికి అంత భద్రమైన చోటు ఇంకొకటి దొరకడం కష్టం.

నెదర్లాండ్స్ పేరెత్తగానే మనవాళ్లు చెయ్యి ఊపేస్తారు, అది వాళ్ల సంస్కృతి, వాళ్లు పుట్టుకతోనే సైకిలు ఎక్కుతారని. కాదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అక్కడా కార్లు వచ్చాయి, రోడ్లు వెడల్పయ్యాయి, సైకిళ్లు ఏటేటా తగ్గాయి. 1971 ఒక్క ఏడాదిలో ఆ చిన్న దేశంలో సుమారు 3,300 మంది రోడ్ల మీద చనిపోయారు, వారిలో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. బడికి వెళ్తూ చనిపోయిన తన కూతురి గురించి విక్ లాంగెన్‌హోఫ్ అనే పాత్రికేయుడు పత్రికలో రాశాడు. ‘పిల్లల హత్యలు ఆపండి’ అన్న పేరుతో ఉద్యమం పుట్టింది. ఆ పేరులో ‘ప్రమాదం’ అన్న మాట లేదని గమనించండి. తల్లిదండ్రులు పిల్లలతో సహా రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. 1973లో అరబ్ దేశాలు చమురు ఆపేయడంతో ఆదివారాలు కార్లు నిషేధించాల్సి వచ్చింది, ఖాళీ రోడ్డు ఎలా ఉంటుందో జనం చూశారు. ఆ దశకంలోనే టిల్‌బర్గ్‌లో, హేగ్‌లో ప్రయోగంగా బాటలు వేశారు. ఇవాళ అక్కడ నాలుగింట ఒక వంతుకు మించి ప్రయాణాలు సైకిలు మీదే. స్వర్గమేమీ కాదు. 2022లో అక్కడ 291 మంది సైకిలువాళ్లు చనిపోయారు, వారిలో చాలామంది బ్యాటరీ సైకిళ్ల మీది వృద్ధులు. డెబ్బై దాటిన మనిషి ధైర్యంగా సైకిలెక్కే దేశంలో వచ్చే కష్టం అది. ఆ కష్టం దాకా రావడానికే మనకు చాలా దూరం ఉంది.

పీటర్ జేకబ్‌సన్ 2003లో పలు దేశాల గణాంకాలు పేర్చి చూస్తే ఒక విచిత్రం తేలింది. సైకిలు తొక్కేవాళ్లు రెట్టింపైతే ప్రమాదాలు రెట్టింపు కావు, ఒక్కొక్కరికీ ఉండే ముప్పు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. మలుపులో సైకిలు ఉండొచ్చన్న ఊహ డ్రైవరు బుర్రలో అలవాటుగా మారుతుంది. మన పేపరు కుర్రాడు అందుకు విరుద్ధమైన స్థితిలో ఉన్నాడు. అతను ఒంటరి. డ్రైవరు కన్ను అతని కోసం వెతకదు, వెతకనిది కనిపించదు. సైకిళ్లు తగ్గినకొద్దీ మిగిలినవాళ్లకు ముప్పు పెరుగుతుంది. ముప్పు పెరిగినకొద్దీ ఇంకొందరు దిగిపోతారు.

దిగిపోవడమే మనకు పరిష్కారంగా కనిపిస్తుంది. 2021లో ఈ నగరంలో ఒక కుర్రాడు సైకిలు మీద భోజనం పార్సిళ్లు అందిస్తున్నాడని తెలిసి జనం కదిలిపోయారు. గంటల్లో చందాలు పోగయ్యాయి, అతనికి మోపెడ్ కొనిచ్చారు. చందా ఇచ్చినవాళ్ల మంచి మనసును నేను శంకించను. అతని బతుకు తేలికైంది, అది చాలు. కానీ సైకిలు మీద ఉన్న మనిషిని చూడగానే మనకు కలిగింది జాలి. అతని దారి బాగుచేద్దామన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. కోల్‌కతా ఇంకో అడుగు ముందుకేసింది. 2013లో అక్కడ 170కి పైగా రోడ్ల మీద సైకిలు నిషేధించారు, ట్రాఫిక్‌కు అడ్డమని. కార్ల వేగానికి అడ్డుపడిన ఢిల్లీ బీఆర్‌టీది ఇంకో కథ. అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్లు, నడుమ బస్సులకు, అంచుల్లో సైకిళ్లకు వేరే దారి. 2008లో తెరిచారు, 2016లో పడగొట్టారు. కార్ల వరస కదలడం లేదన్న గోలలో, పక్కన ఎవరు హాయిగా వెళ్తున్నారో లెక్క తీసిన ఐఐటీ ఆచార్యుల మాట వినపడలేదు. సైకిలు గుర్తుకు నాలుగు దశాబ్దాలుగా ఓట్లు వేసిన తెలుగు నేల మీద కూడా సైకిలు ఇప్పటికీ ఎన్నికల వస్తువే, రోడ్డు వస్తువు కాదు.

మన ఎండకు సైకిలేమిటంటారు. స్పెయిన్‌లో సెవిల్ నగరం వేసవి నలభై డిగ్రీలు దాటుతుంది. 2006 నుంచి రెండేళ్లలోపే 80 కిలోమీటర్ల బాట ఒక చివరి నుంచి ఇంకో చివరికి తెగకుండా వేశారు, దాదాపు ఎవరూ తొక్కని ఊళ్లో సైకిలు ప్రయాణాలు కొన్నేళ్లలో అనేక రెట్లయ్యాయి. తెగకుండా అన్నదే అక్కడి కిటుకు. అయినా మే నెలలో కూకట్‌పల్లి నుంచి చార్మినార్ దాకా సైకిలు తొక్కమని ఎవరూ అనడం లేదు. ఇంటి నుంచి మెట్రో దాకా, బడి దాకా, కూరగాయల మార్కెట్టు దాకా ఉండే రెండు మూడు కిలోమీటర్ల సంగతి ఇది. ఆ దూరాలకే కదా కారు తాళం తీస్తున్నాం.

అందుకు కావాల్సింది వందల కోట్లు కావు. కాలనీ రోడ్ల మొదట్లో కాలిబాట ఎత్తుకు లేపిన దాటుబాటలు వేస్తే బోర్డు లేకుండానే కారు 30కి దిగుతుంది. ఫ్రీ లెఫ్ట్ తీసేసి, మూల మలుపును ఇరుకు చేస్తే లారీ నెమ్మదిగా తిరుగుతుంది. యూటర్న్ పెట్టిన ప్రతిచోటా పాత చౌరస్తా దగ్గర నడిచేవాళ్లకూ సైకిళ్లకూ సిగ్నల్‌తో ఒక దాటుడు ఉంచితే, మన వాచ్‌మన్ రాంగ్ రూట్‌లో రానక్కర్లేదు. దీనివల్ల కారువాళ్లు ఒక్కో సిగ్నల్ దగ్గర అర నిమిషం ఆగాల్సి వస్తుంది. ఆ అర నిమిషాన్ని దాచిపెట్టి, ఎవరికీ ఏ నష్టమూ లేకుండా సైకిలు భద్రత తెస్తామనేవాళ్ల మాట నేను నమ్మను. రోడ్డు వెడల్పు రబ్బరు కాదు, ఒకరికి ఇచ్చేది ఇంకొకరి దగ్గర తీసుకోవాల్సిందే. బంజారాహిల్స్‌లో ఏ కార్పొరేటరూ దీన్ని మేనిఫెస్టోలో రాయలేడని నాకు తెలుసు.

హెచ్-సిటీ పథకం కింద కేబీఆర్ పార్కు చుట్టూ ఆరు కూడళ్లలో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు కట్టాలని తలపెట్టారు. పార్కులో ఎన్ని చెట్లు పోతాయన్న దాని మీద వాదన జరుగుతోంది, జరగాలి కూడా. ఆ నమూనా చిత్రాల్లో పైన ఒక వరస కార్లు, కింద ఒక వరస కార్లు చక్కగా పోతుంటాయి. తెల్లవారుజామున జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి అటువైపు పేపర్లు వేసే కుర్రాడు ఆ చిత్రంలో ఏ అంతస్తులో ఉంటాడో ఎవరైనా ఒకసారి వేలు పెట్టి చూపిస్తే బాగుండు.